మాచర్ల వాళ్ల బంగారు కత్తులు

మొన్న మా చిన్న బాబాయి కూతురి తాంబూలాలకు నరసరావుపేట వెళ్లాను. మగపెళ్లివారు బయలుదేరాక, ఆడవాళ్లం మిగిలిన లడ్డూలు డబ్బాల్లోకి ఎత్తుతుంటే, ముందుగదిలో పిల్లలు గొంతులు చించుకుని అరుచుకోవడం వినిపించింది. ఆస్తి తగాదాలకు కూడా మా ఇంట్లో అంత కేకలు వెయ్యరు. వెళ్లి చూస్తే మా అన్నయ్య కొడుకు చిన్ను చేతిలో ఫోను పట్టుకుని కందగడ్డలా ఎర్రబడి ఉన్నాడు. "అది పే టు విన్ అత్తా, డబ్బు పెట్టినోడిదే గెలుపు! ఎవడో మిర్యాలగూడ వాడంట, తుపాకీ కొన్నాడు. కొని నన్ను చంపాడు. అదీ ఒక గెలుపేనా?" అన్నాడు నన్ను చూడగానే. పక్కనున్న వాడి బావ ఊరుకోలేదు. "నువ్వు బూట్లు కొనలేదా మరి? పోయిన వారమేగా కొన్నావు." "బూట్లు వేరురా, అయ్యి చూడ్డానికి. తుపాకీ కొట్టడానికి." తీర్పు చెప్పమని ఇద్దరూ నావైపు చూసి, అంతలోనే "అత్తకేం తెలుస్తాయిలే ఇయ్యన్నీ" అని మళ్లీ ఫోన్లలోకి దిగిపోయారు. నేను నవ్వుకున్నాను. వాళ్లు కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్న ఆ గదిలోనే, మేమూ ఇదే తగాదా పడ్డాం. అప్పటికి ఆ తగాదాకు ఒక పేరుందని మాకు తెలియదు, అంతే.

ఆ గది అప్పట్లో మా కొట్టు. ఎండుమిరపకాయలు, చింతపండు, బెల్లం, ఇంగువ, పప్పులు అమ్మేవాళ్లం. తాతయ్య పోయాక నాయనమ్మే కొట్టు నడిపింది. తెల్లవారకముందే లేచి వాకిలి చల్లి, తక్కెడ పళ్లేలను చింతపండు పిప్పితో తోమి, తళతళలాడేదాకా తుడిచి, మొదటి అగరుబత్తి తక్కెడకు చూపించి, రెండోది దేవుడి పటానికి చూపించేది. దేవుడికి కోపం రాదా అని అడిగితే "తక్కెడ తిన్నగా ఉంటే దేవుడికి కోపమెందుకే" అనేది. దవడన ఎప్పుడూ ఒక లవంగం. నడుముకు తాళాల గుత్తి. మడత పెట్టిన గోనెసంచి మీద కూర్చుని వీధి చివరిదాకా వినిపించేలా మాట్లాడేది. ఊరికే ఏదీ ఇచ్చేది కాదు, తూకంలో ఏదీ తగ్గించేది కాదు. తూచడం అయ్యాక గుప్పెట్లోంచి నాలుగు గింజలు పైన రాలుస్తుందే, ఆ కొసరు లేకుండా మాత్రం ఎవరినీ కొట్టు మెట్లు దిగనిచ్చేది కాదు. "కొసరు లేని బేరం ఒక బేరమేనంటే?" అనేది. స్కూలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ కొట్లోనే ఉండేదాన్ని కాబట్టి నా బట్టలకూ పుస్తకాలకూ ఇంగువ వాసన పట్టి ఉండేది. కాలేజీలో చేరాక కొత్తగా వచ్చిన స్నేహితులు నేను కనబడకముందే నా రాక తెలుసుకునేవాళ్లు.

మా చిన్న బాబాయి బీకాం చదివి, తక్కెడ పట్టనని మొండికేశాడు. కంప్యూటర్లు కొని నెట్ సెంటర్ పెడతానన్నాడు. వేరే చోట అద్దెకు తీసుకుంటే కొడుకు కళ్ల ముందు ఉండడని నాయనమ్మ ఆలోచించి, కొట్టులోనే సగం ఇచ్చింది. మధ్యలో ప్లైవుడ్ చెక్క నిలబెట్టారు. అటు మిరపకాయల బస్తాలు, ఇటు కంప్యూటర్లు. వాటిని తెచ్చిన రోజున నాయనమ్మ ఒక్కొక్క తెరకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు చెరిపితే ఊరుకునేది కాదు. అందుకని మా నెట్ సెంటర్లో ఏ సినిమా తార బొమ్మ తీసినా నుదుటనో చెంపనో ఒక బొట్టు ఉండేది. బస్తా విప్పిన రోజున మిరప ఘాటు చెక్క మీదుగా ఇటు దిగేది. పరీక్షల ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన పిల్లలు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ చూసుకునేవాళ్లు. పాసయ్యాడో ఫెయిలయ్యాడో వాడి ముఖం చూసి చెప్పలేకపోయేవాళ్లం.

ఫలితాల కాలం తప్పితే సెంటరును నిలబెట్టింది ఒక ఆట. రెండు కోటలు, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఒకే ఆటలో కలుసుకోవచ్చు. తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్లి అవతలివాళ్ల జెండా దింపితే గెలిచినట్టు. దాని అసలు పేరు మా నోళ్లకు ఎక్కలేదు, కోటాట అనేవాళ్లం. కొండవీడు చూసి పెరిగినవాళ్లం కదా, కోట అంటే మాకు కొత్తేమీ కాదు. ఆడపిల్లలు నెట్ సెంటరులో కూర్చోవడం అప్పట్లో వీధికి కొంచెం కొత్తే గాని, చెక్కకు అవతల నాయనమ్మ ఉందని మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నా ధైర్యంతో నా స్నేహితురాలు రూతు కూడా వచ్చేది. రూతు వాళ్లది బెల్లంకొండ. వాళ్లమ్మ ప్రభుత్వ బడిలో టీచరు, నరసరావుపేటకు బదిలీ అయి మా వెనక వీధిలో అద్దెకు ఉండేవాళ్లు. లెక్కల్లో దిట్ట, మాటల్లో పొదుపు. వారానికి ఒక్క గంట ఆడటానికే వాళ్లమ్మ డబ్బులిచ్చేది. ఆ గంటలోనే మా అందరికంటే బాగా ఆడేది. అందుకే మా జట్టుకు ఆమే కెప్టెన్.

జట్టులో కిరణ్ అని ఒకడుండేవాడు. దూది మిల్లు వాళ్లబ్బాయి. వాళ్ల నాన్న అడిగినవన్నీ కొనిచ్చే మనిషి. కిరణ్ మంచివాడే గాని, ఆటలో తన కోట తలుపు తనకే దొరికేది కాదు. శత్రువుల కోట అనుకుని మా తలుపే రెండుసార్లు పగలగొట్టాడు. అయినా రోజూ వచ్చి మూడో నంబరు కంప్యూటరు ముందు కూర్చునేవాడు. అది కొత్తది, మౌసు వెన్నలా జారేది, బాబాయి దానికి కాస్త ఎక్కువ తీసుకునేవాడు. ఇంతలో ఆ ఆట చేసేవాళ్లు అందులో ఒక అంగడి తెరిచారు. మొదట గుర్రాలకు రంగులు, తలపాగాలు పెట్టారు. సరదాగానే ఉంది. తరవాత బంగారు కత్తి పెట్టారు. మామూలు కత్తితో కొట్టి కొట్టి చెయ్యి పడిపోయే తలుపు, దానితో ఒక్క దెబ్బకు పడేది. కిరణ్ మర్నాటికే కొన్నాడు. కొని, మాలో మేం అటూ ఇటూ చీలి ఆడుతుంటే మొదటిసారి రూతును ఓడించాడు.

రూతు మౌసు పక్కన పెట్టి "కత్తి బాగుంది" అంది. బాగా ఆడావు అనలేదు. ఆ తేడా కిరణ్‌కు వినపడింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. తేలిక చేద్దామనుకున్నాడేమో, "మాచర్ల నెట్ సెంటరు వాళ్లతో మ్యాచ్ ఉందిగా. అందరికీ నేనే కొంటా. మా నాన్న ఏమనడు" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. "కొనిపించుకుందామే!" అన్నాను రూతుతో.

"అప్పుడు గెలిచేది మనమా, వాళ్ల నాన్నా?" అంది రూతు.

చెక్కకు అవతలి నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది. "కొంటానన్నోణ్ణి వద్దంటారేందే! కొట్లో కూచుని అనే మాటలేనా అయ్యి?"

"అమ్మా, ఇది వేరు," అన్నాడు బాబాయి. "గుర్రానికి రంగు కొనుక్కో, తలపాగా కొనుక్కో, తప్పులేదు. గెలుపు కొనకూడదు."

"మరి మూడో నంబరు సంగతేంది బాబాయ్?" అంది రూతు. నా బాబాయి అందరికీ బాబాయే. ఆమె గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. "ఎక్కువిస్తే మంచి మౌసు. ఇంకా ఇస్తే ఇంకో గంట. నేను శనివారం ఒక్క గంట ఆడతా, కిరణ్ రోజూ ఆడతాడు. గంటలు కొనుక్కోడం తప్పు కాకపోతే, కత్తి కొనుక్కోడం తప్పెట్టా అయిద్ది?"

బాబాయి గుడ్డ తీసుకుని శుభ్రంగా ఉన్న తెరనే తుడవడం మొదలుపెట్టాడు. కిరణ్ తన కుర్చీ చేతుల వైపు చూసుకున్నాడు. చెక్కకు అవతల నాయనమ్మ తక్కెడ కింద పెట్టిన చప్పుడు వినపడింది. "ఒరేయ్, నీ బేరంలో కొసరు లేదురా," అంది కొడుకుతో. "పొద్దున కొట్టు తీసేలోపు ఆ పెట్టెలు ఊరికేగా ఉండేది. ఆ గంట ఈ పిల్లలకి కొసరు. ఆ మంచి పెట్టె రోజుకొకళ్లు కూచోండి. కానీ వంతు రానోళ్లు ఊరికే గుడ్లప్పగించి చూడగూడదు. పప్పులో రాళ్లేరాలి."

అట్లా మొదలైంది కొసరు గంట. వాకిట్లో ముగ్గు ఇంకా తడారకముందే మేం చేరేవాళ్లం. కొందరు కంప్యూటర్ల ముందు, మిగతావాళ్లం గచ్చు మీద చేటలు ముందేసుకుని. లోపలి నుంచి అమ్మ తాలింపు వాసన, పక్కన కొత్త బెల్లం వాసన, తడి నేల వాసన. దూది మిల్లు వారసుడు కందిపప్పులో రాళ్లేరడం చూడటానికి వీధిలో వాళ్లు పని కల్పించుకుని వచ్చేవాళ్లు. మొదటి రోజు రాళ్లతోపాటు పప్పు కూడా పారేశాడని నాయనమ్మ వాణ్ణి "ఏందయ్యా, మీ మిల్లులో కూడా దూది పారేసి గింజలు దాచుకుంటారా?" అని అడిగింది. కానీ ఆ చేటల దగ్గరే రూతు వాడికి ఆట నేర్పింది. నీ కత్తి చూసుకోకు, అవతలివాడి కాళ్లు చూడు, వాడు ఎటు తిరగబోతాడో కాళ్లు ముందే చెబుతాయి అనేది. కత్తిని తియ్యమని గాని, తియ్యొద్దని గాని వాడితో ఎవరూ అనలేదు. పప్పు ఏరే స్నేహితుల మధ్య దాన్ని బయటికి తియ్యడానికి వాడికే మొహమాటమేసింది.

మాచర్ల వాళ్లతో మ్యాచ్ వచ్చింది. ఆట తెరుచుకోగానే చూస్తే అవతల ఐదుగురి చేతుల్లోనూ బంగారు కత్తులు. నాయనమ్మ ఎవరికో అరకిలో చింతపండు తూచి పొట్లం కట్టేలోపు మా కోట పోయింది. మధ్యలో కిరణ్ "నాది తియ్యనా?" అన్నట్టు రూతు వైపు చూశాడు. రూతు తల అడ్డంగా ఊపింది. ఓడిపోయాం. చెప్పొద్దూ, ఆ ఓటమి చాలా రుచిగా ఉండింది. వాళ్లు కొనుక్కుని గెలిచారు, మేం నీతిగా ఓడాం. ఈ మాట కాలేజీలో చెప్పాం, వీధిలో చెప్పాం, సెంటరుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పాం. నాలుగు రోజులు మేం గెలిచినవాళ్లకంటే గొప్పగా తిరిగాం.

ఐదో రోజో ఆరో రోజో కొట్టు ఫోను మోగింది. నేనే తీశాను. అవతల ఆడగొంతు. "నేను షకీలాని. మాచర్ల జట్టు కెప్టెన్ని. మేం కత్తుల వల్ల గెలిచామని మీరు ఊరంతా చెప్పుకుంటున్నారంట గదా?"

"కాదా మరి?" అన్నాను.

"అదే మాకూ తెలవట్లా," అంది ఆ పిల్ల. "మా ఓనరు బేరానికి పేరొచ్చిద్దని కొనిపెట్టాడు. మేం అడగలా. ఆదివారం మీ కాడికే వస్తాం. కత్తుల్లేకుండా ఆడదామా?"

ఆదివారం వచ్చారు. ముందు షకీలా, వెనక నలుగురు మగపిల్లలు. ఆమె సన్నగా, కళ్లజోడుతో, టైలరు ఇంటి పిల్ల కాబట్టి ఒంటి మీద బట్టలు అచ్చంగా కొలతకు కుట్టినట్టు, చేతిలో మడత నలగని రుమాలుతో ఉంది. రూతు చర్చి నుంచి నేరుగా వచ్చింది. నాయనమ్మ షకీలాను పైనుంచి కిందికి చూసి "ఈ పిల్లేనంటే మిమ్మల్ని కొట్టింది? గాలికి ఎగిరిపోయేట్టుంది" అంది. మా కంప్యూటర్లు సగం వాళ్లకు, సగం మాకు. ఆట తెరవగానే మాచర్ల వాళ్లు ఒక్కొక్కరే కోట చుట్టూ ఉన్న అగడ్త దగ్గరికి నడిచి కత్తులు నీళ్లలో పడేశారు. పడేస్తే మళ్లీ రావు. బాబాయి కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, మీ ఓనరేమంటాడు?" "ఏమంటాడు బాబాయ్, కొన్నది ఆయన, పారేసింది మేం. చెల్లుకు చెల్లు," అంది షకీలా. కిరణ్ కూడా ఏమీ మాట్లాడకుండా వెళ్లి తన కత్తి పడేసి వచ్చాడు.

ఆట మొదలైందో లేదో షకీలా తుమ్మింది. పక్కవాడు తుమ్మాడు. వరసగా ఐదుగురూ తుమ్ముతున్నారు. మా ముక్కులు అలవాటుపడ్డవి, మాకు పెద్దగా తెలియలేదు. రూతు ఆట ఆపించి లేచి చెక్కకు అవతలికి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. మూసి ఉండాల్సిన కొట్టులో నాయనమ్మ ఒక్కతే కూర్చుని, కొత్త బస్తా విప్పి, మిరపకాయలు నేలంతా పోసి చేత్తో కలబెడుతోంది.

"ఏంది మామ్మగారూ ఇది?"

"కాయలు ఆరబోస్తున్నా."

"ఆదివారమా?"

"ఆదివారమని కాయలకి తెలుసంటే?"

"మామ్మగారూ..." అంది రూతు.

నాయనమ్మ లవంగం ఇటు దవడ నుంచి అటు దవడకు మార్చుకుంది. "నేనేమన్నా డబ్బులిచ్చానంటే? డబ్బు పెట్టి గెలవగూడదని మీరేగా అంది. పైసా పెట్టలా నేను!"

చెక్కకు అవతల మాచర్ల వాళ్లే ముందు నవ్వారు, తుమ్ముల మధ్యే. నాయనమ్మ గొణుక్కుంటూ బస్తా మూతి కట్టింది. తలుపులన్నీ తీశాం, గాలి ఆడేదాకా అందరం వాకిట్లో నిలబడి మజ్జిగ తాగాం, మళ్లీ మొదటి నుంచి ఆడాం.

వాళ్లు మమ్మల్ని చితక్కొట్టారు. కత్తులున్నప్పటికంటే ఘోరంగా. అప్పుడు చప్పున అయిపోయింది గనుక ఏమీ తెలియలేదు, ఈసారి ఎట్లా ఓడిపోతున్నామో చూసుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. షకీలా తలుపు జోలికే రాలేదు. అగడ్త గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ రూతును ఊరించి ఊరించి బయటికి లాగింది. ఆమె కోసం నేను వెళ్లాను, నా కోసం మిగతా ఇద్దరూ వచ్చారు. తలుపు దగ్గర కిరణ్ ఒక్కడే మిగిలాడు. వాడు, తన కోట తనకే తెలియనివాడు, ముగ్గురిని కాళ్లు చూసి చూసి అడ్డుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి జెండా దిగింది. మా సాకు కూడా దానితోపాటే దిగింది. పోయినసారి మమ్మల్ని ఓడించింది కూడా కత్తులు కావు, ఈ పిల్లలే.

షకీలా కళ్లజోడు తీసి రుమాలుతో కళ్లు తుడుచుకుంది. మిరప ఘాటో మరొకటో నేను అడగలేదు. "ఇన్నాళ్లూ మా ఓనరు మమ్మల్ని గెలవనియ్యలేదు," అంది నవ్వుతూ. ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. కత్తులు మా గెలుపు తీసుకుపోయాయని మేం అనుకున్నాం. నిజానికి అవి తీసుకుపోయింది వాళ్ల గెలుపు. తమ చేతుల్లో అంత పనితనం ఉందని వాళ్లకే తెలియకుండా పోయింది. రూతు లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని "ఆ గట్టు మీద తిరిగేది ఎట్టా చేశావో మళ్లీ చూపిచ్చు" అని అడిగింది. నాయనమ్మ అందరికీ వరసగా విస్తళ్లు వేసి, ముద్దపప్పు, గోంగూర, నెయ్యి వడ్డించింది. షకీలా విస్తట్లో అడగకుండానే ఇంకో గరిటె నెయ్యి పోసి, "తినమ్మా, నాలుగు మెతుకులు తినకుండానే ఇట్టా కొడుతున్నావు" అంది. ఓడినందుకు మాకు మాత్రం సాయంత్రందాకా సాధింపు.

ఇప్పటి ఆటలు చూస్తే నాకు బాధేమీ లేదు. చిన్ను ఫోనులో ఆట ఊరికే దిగుతుంది. అప్పట్లో ఇంట్లో ఒప్పుకోక మా సెంటరు మెట్టు ఎక్కలేకపోయిన ఆడపిల్లలు మా క్లాసులోనే ఎంతమందో. వాళ్లు ఆడి ఉంటే మా జట్టులో నాకు చోటు దక్కేదా అని ఇప్పటికీ అనుమానమే. ఇప్పుడు వాళ్లలాంటి పిల్లలు మంచం మీద పడుకుని లోకంలో ఎవరితోనైనా ఆడుతున్నారు. ఆ సంగతికి సంతోషమే. కాని ఆటలో అంగడి ఇప్పుడు గంటగంటకీ తలుపు తడుతుంది. కొన్నవాడెవడో, ఊరికే ఆడేవాడెవడో తెలియదు. గెలిచినా ఓడినా అవతలివాడు కొట్టుకు ఫోను చెయ్యడు, ఆదివారం బస్సెక్కి రాడు. చిన్ను పోట్లాడింది తుపాకీ గురించి కాదేమో అనిపించింది నాకు. తను నిజంగా ఓడిపోయాడా లేదా అన్నది తెలుసుకునే దారి వాడికి లేదు. మనిషికి అది చాలా పెద్ద లోటు.

లడ్డూల డబ్బాలు మూతపెట్టి వచ్చి వాళ్ల మధ్య చతికిలబడ్డాను. బూట్లు వేరా, తుపాకీ వేరా, గంటలు కొనుక్కోవడం వేరా అన్నది మేమే తేల్చలేకపోయాం, మీకేం చెప్పగలనురా అన్నాను. ఏది కొన్న గెలుపో నాకు తెలియదు గాని, కొనని గెలుపు ఎట్లా ఉంటుందో మాత్రం కళ్లారా చూశానని చెప్పాను. పిల్లలు ఫోన్లు దించారు.

ఆ ఆదివారం తరవాత రూతు కొసరు గంట ఒక్కటి కూడా మానలేదు. వేసవి వచ్చాక మేమే మాచర్ల వెళ్లాం. చిన్న గది, రేకుల కప్పు, తిరగని ఫ్యాను. పాత కంప్యూటర్లు. ఎవరి దగ్గరా మామూలు కత్తి తప్ప ఏమీ లేదు. షకీలా గట్టు మీద తిరిగింది, రూతు బయటికి రాలేదు. చాలాసేపు రాలేదు. షకీలా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తొందరపడి తిరిగింది. ఆ తిరగడం కాళ్లలో రూతుకు ముందే కనబడింది. వాళ్ల జెండా దిగింది. షకీలా మౌసు వదిలేసి కుర్చీ ఇటు తిప్పి "ఇయ్యాల నువ్వే గెలిచావు" అంది. ఫ్యాను తిరగలేదనలేదు, కంప్యూటరు ఆగిందనలేదు. నువ్వే గెలిచావు అంది.

తిరుగు బస్సులో రూతు కిటికీ పక్కన కూర్చుంది. గురజాల దాటినా మాట లేదు. కిరణ్ వేరుశెనక్కాయలు కొనిచ్చినా తీసుకోలేదు. కోపమొచ్చిందా, తల నొప్పిగా ఉందా అని నేను అడుగుతూనే ఉన్నాను. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీల పొగ బస్సులోకి కొట్టి, అందరం చున్నీలో రుమాళ్లో ముక్కులకు అడ్డం పెట్టుకుంటుంటే, ఆ పిల్ల ఒక్కసారిగా పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే చెప్పదు. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి "ఏమైందమ్మా?" అని అడిగాడు.

"ఏం లేదు తాతా," అంది రూతు, నవ్వు ఆపుకోలేక. "గెలిచాను."